మొక్క తన కోసం దాచుకున్న చేదు

మేక దగ్గరికొస్తే మొక్క పరిగెత్తలేదు. పురుగు ఆకు కొరికితే విదిలించుకోలేదు. ఎండ మాడ్చినా, బూజు కమ్ముకున్నా, పక్కనే ఇంకో మొక్క మొలిచి తన వాటా నీళ్లు తాగేస్తున్నా వేరు దిగిన చోటే నిలబడి తేల్చుకోవాలి. కాళ్లు లేని లోటును మొక్కలు రసాయనాలతో పూడ్చుకున్నాయి. గాలి, నీరు, ఎండ, నేలలోని పిడికెడు లవణాలు... ఇంతే సరంజామా. దానితోనే చేదు చేస్తాయి, వగరు చేస్తాయి, ముక్కు అదిరే ఘాటు చేస్తాయి, నరాలను జోకొట్టే మత్తు చేస్తాయి, ప్రాణం తీసే విషమూ చేస్తాయి.

చైనా మూలికా వైద్యులు రెండు వేల ఏళ్లకు పైగా ఆ సరుకును నాలుక మీద పెట్టుకుని పరీక్షిస్తూ వచ్చారు. ఏ ఆకును ఏ కాలంలో కోయాలి, పచ్చిగా వాడాలా ఎండబెట్టాలా, వేరా కాండమా, మరిగించాలా నానబెట్టాలా అని రాసిపెట్టుకున్నారు. వాళ్లు రాసినవాటిలో కొన్ని ఆధునిక పరీక్షకు నిలబడలేదు. నిలబడినవి మాత్రం లక్షల ప్రాణాలు కాపాడాయి. వాటిని ఒక్కొక్కటిగా దగ్గరికి తీసుకుని చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. మనం మందు అంటున్న పదార్థాన్ని మొక్క మన కోసం చేయలేదు. తన బతుకు కోసం, తన శత్రువు మీద ప్రయోగించడానికి చేసుకుంది. మన జ్వరం, మన ఉబ్బసం, మన రాచపుండు ఆ యుద్ధంలో అనుకోకుండా దారికి అడ్డం పడ్డాయి.

దవనానికి చైనా చుట్టం

వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి తెలియని తెలుగు ఇల్లు తక్కువ. కనకాంబరాల మధ్య గుచ్చే దవనం సంగతి చెప్పనే అక్కర్లేదు. దండ వాడినా దాని వాసన వాడదు. రెండూ ఆర్టిమీసియా ప్రజాతి మొక్కలే. అదే వంశంలో పుట్టిన మరో మొక్కను చైనాలో ఛింగ్‌హావ్ అంటారు. శాస్త్రీయ నామం ఆర్టిమీసియా యాన్యువా. ఏటా విత్తనం నుంచి లేచి, మనిషెత్తు పెరిగి, పిసరంత పసుపు పూలు పూసి, చలికి ఎండిపోతుంది. పొలం గట్టున, దారి పక్కన కలుపు మొక్కగా మొలుస్తుంది. ఆకు సన్నని చీలికలుగా విడిపోయి ఉంటుంది. నలిపితే కర్పూరం కలిసిన ఘాటు గుప్పుమంటుంది.

ఈ ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. ఉపరితలం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒక్కో బుడిపెలో పది కణాలు, జంటలుగా, ఐదు అంతస్తుల్లో పేర్చి ఉంటాయి. పై అంతస్తులను కప్పిన పలుచని పొర మెల్లగా ఉబ్బుతుంది. కణాలకూ ఆ పొరకూ మధ్య ఒక సంచి తయారవుతుంది. మొక్క చేసిన ఆర్టిమిసినిన్ చేరేది ఆ సంచిలోకే. కణాల లోపల ఉంచుకుంటే మొక్కకే చేటు, ఎందుకంటే ఆ పదార్థం దానికీ విషమే. అందుకని ఒంటికి అంటకుండా, ఒంటి మీదే దాచుకుంటుంది.

ఇంతకంటే విడ్డూరం ఆ అణువు పూర్తయ్యే తీరు. దాదాపు చివరి మెట్టు దాకా ఎంజైములతో ఒక్కో ముక్కా అతికించుకుంటూ వచ్చిన మొక్క, ఆఖరి మార్పును ఎండకూ గాలికీ వదిలేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వెలుగు సోకి, రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆ అణువులో వంతెనగా కూర్చుంటాయి. పెరాక్సైడ్ వంతెన అంటారు దాన్ని. దాని బలమంతా ఆ వంతెనలోనే ఉంది. ఈ పదార్థం తగిలిన నేలలో ఇతర మొక్కల మొలకలు సరిగా ఎదగవు. చోటంతా తనకే దక్కాలన్నది ఛింగ్‌హావ్ లెక్క. మలేరియా సంగతి దానికి తెలియదు.

చుట్టరికం ఉంది కదా అని మాచిపత్రి నమిలితే చలిజ్వరం తగ్గుతుందనుకోకూడదు. దవనానికీ మాచిపత్రికీ వాటి వాసన వాటికుంది కానీ, మలేరియాను ఓడించే మోతాదులో ఈ పదార్థం లేదు.

మరిగిస్తే పోయిన గుణం

క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌డుయ్ సమాధిని 20వ శతాబ్దంలో తవ్వినప్పుడు, పట్టు గుడ్డ మీద రాసిన వైద్య ప్రతి దొరికింది. అందులో ఛింగ్‌హావ్ మొలల వ్యాధికి మందు. ఆ తర్వాత నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే పండితుడు అత్యవసర చికిత్సల పుస్తకం రాస్తూ దాన్ని జ్వరానికి చెప్పాడు. పిడికెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. నిప్పు మాట ఎత్తలేదు. పదహారు వందల ఏళ్లు గడిచాక ఆ ఎత్తని మాటే కీలకమైంది.

వియత్నాం యుద్ధంలో తుపాకీతో సమానంగా మలేరియా సైనికులను కూల్చింది. క్లోరోక్విన్ మాత్రకు ఆ క్రిమి లొంగడం మానేసింది. ఉత్తర వియత్నాం చైనా సాయం కోరింది. 1967 మే 23న బీజింగ్‌లో రహస్య పరిశోధన మొదలైంది; ఆ తేదీయే పేరై ‘ప్రాజెక్ట్ 523’ అయింది. 1969లో సంప్రదాయ వైద్య పరిశోధన సంస్థకు చెందిన తూ యూయూ అందులోకి వచ్చింది. ఆమె బృందం రెండు వేలకు పైగా పాత యోగాలు వడపోసి, పనికొస్తాయనిపించిన 640 ఏరింది. సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి, మలేరియా సోకిన ఎలుకల మీద ప్రయోగించింది. ఛింగ్‌హావ్ ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే తేలిపోయింది.

అప్పుడామె గె హోంగ్ పుస్తకం మళ్లీ తిరగేసింది. ఆకును మరిగించమని అతడు చెప్పలేదు. వేడికి ఆ గుణం చెడిపోతోందేమో! నీళ్లు, సారాయి పక్కన పెట్టి, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లోని పరాన్నజీవులను పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషులకు ఇచ్చే ముందు ఆమె, ఆమె సహచరులు దాన్ని తామే మింగి చూశారు. 1972లో హైనాన్ ద్వీపంలో తొలిసారి రోగులకిచ్చారు. డాక్టరేట్ పట్టా లేని తూ యూయూ 2015లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకుంది.

ఇనుము తగిలితే తెగే వంతెన

ఆ ఆకు రసం మనిషి నెత్తురులో చేసే పనికి ఒక ఆనవాలు మన గడ్డ మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలు కొన్ని కనిపించాయి. వాటి లోపల నల్లటి రేణువులున్నాయి. రోగుల నెత్తురులోని మలేరియా క్రిమిలో ఉండే రంగు రేణువులూ అలాంటివే. దోమే మలేరియాను మోస్తోందన్న సత్యాన్ని పట్టించినవి ఆ రేణువులు.

అవి ఎక్కడివంటే, పరాన్నజీవి తిని పారేసిన ఎంగిలి. అది ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. మాంసకృత్తు అరుగుతుంది, ఇనుముతో ఉన్న హీమ్ మిగిలిపోతుంది. ఆ హీమ్ పరాన్నజీవికి విషం. అందుకే దాన్ని గట్టి స్ఫటికాలుగా మార్చి ఓ మూల నెట్టేస్తుంది. ఆ స్ఫటికాలనే రాస్ చూశాడు.

ఆర్టిమిసినిన్ పని జరిగేదీ అక్కడే. తిండి అరిగే చోట వెలువడిన ఇనుము తగలగానే పెరాక్సైడ్ వంతెన పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్కలు మహా చురుకైనవి. దొరికిన ప్రోటీనుకల్లా అతుక్కుని పరాన్నజీవి యంత్రాంగాన్ని చెడగొడతాయి. ఇనుమును అంతగా విడుదల చేయని మామూలు కణాల జోలికి పెద్దగా పోవు. ఎంత ఎక్కువ నెత్తురు తింటే అంత త్వరగా చస్తుంది క్రిమి. దాని ఆకలే దాని పాలిట యముడు.

ఈ మందుకు ఓ బలహీనత ఉంది. ఒంట్లో కొన్ని గంటలకు మించి నిలవదు. అందుకే నిలకడగా ఉండే మరో మందును జతచేసి ఇస్తారు. మన్యంలోని ఆరోగ్య కేంద్రాల్లో ఫాల్సిపేరమ్ రకం మలేరియాకు ఇచ్చేది ఇలాంటి జంట మందే. ఒంటరిగా ఇష్టం వచ్చినట్టు వాడితే క్రిమి తట్టుకోవడం నేర్చుకుంటుంది. కంబోడియా పశ్చిమ సరిహద్దుల్లో అలా నేర్చుకున్న క్రిములు బయటపడ్డాయి. తర్వాత రువాండా, ఉగాండాల్లోనూ కనిపించాయి.

ఆకులు లేని పొదలో ఊపిరి

ఉత్తర చైనాలో, ఇన్నర్ మంగోలియా ఇసుక నేలల్లో ఓ పొద పెరుగుతుంది. ఆకులున్నాయా అని వెతుక్కోవాలి. కణుపుల దగ్గర గోధుమరంగు పొలుసులుగా మిగిలిపోయాయి. నీటి చుక్క విలువైన చోట ఆకు పరిచి ఆవిరి చేసుకోవడం దండగ. పచ్చటి పుల్లలే ఎండను పట్టి తిండి తయారుచేస్తాయి. అసలు పువ్వే పూయని ప్రాచీన జాతి, పైన్ చెట్ల తెగకు దగ్గరది. చైనాలో మా హువాంగ్, వృక్షశాస్త్రంలో ఎఫెడ్రా.

దగ్గుకూ, ఆయాసానికీ, చెమట పట్టించడానికీ ఆ కాండాన్ని వేల ఏళ్లుగా వాడారు. 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగాయోషి దాని నుంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. 1924లో బీజింగ్‌లో చెన్, ష్మిట్ అనే ఇద్దరు పరిశోధకులు అది అడ్రినలిన్ మాదిరే పనిచేస్తుందని తేల్చారు. బిగుసుకున్న శ్వాసనాళాలు సడలుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు లేస్తుంది. అడ్రినలిన్‌ను నోటితో మింగితే పనిచేయదు, ఇది మింగినా పనిచేస్తుంది. నడుముకు మత్తు సూది ఇచ్చాక రక్తపోటు దిగజారితే ఆపరేషన్ థియేటర్లో ఇవాళ్టికీ ఎఫెడ్రిన్ అందుకునే డాక్టర్లున్నారు.

పాత వైద్యులు మరో సంగతి గమనించారు. కాండం చెమట పట్టిస్తుంది, అదే మొక్క వేరు చెమటను ఆపుతుంది. తర్వాతి రసాయన పరీక్షల్లో తేలిందేమిటంటే, ఎఫెడ్రిన్ ఉన్నది నేల పైన పుల్లల్లోనే. వేరులో ఉన్నవి వేరే రసాయనాలు, అవి రక్తపోటును తగ్గించే రకం. ఒకే మొక్క నేల పైన ఒక మాట, నేల లోపల దానికి ఎదురు మాట చెబుతోందన్నమాట.

బరువు తగ్గిస్తుందని అమెరికాలో దీన్ని డబ్బాల్లో పెట్టి అమ్మినప్పుడు గుండెపోట్లు, పక్షవాతాలు బయటపడ్డాయి. 2004లో అక్కడి ప్రభుత్వం ఆ సరుకును నిషేధించింది.

తన విషానికి తానే విరుగుడు

దక్షిణ చైనా నదుల ఒడ్డున షీ షు అనే చెట్టు నిటారుగా పెరుగుతుంది. శాస్త్రీయ నామం కాంప్టోథెకా అక్యుమినాటా. దాని బెరడు నుంచి 1966లో మన్రో వాల్, భారతదేశంలో పుట్టిన మన్సుఖ్ వానీ కలిసి కాంప్టోథెసిన్‌ను బయటికి తీశారు.

కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. మెలిపడిన ఆ పోగును విప్పుతుంటే ముందు భాగం ఇంకా బిగుసుకుంటుంది. టోపోఐసోమరేజ్ అనే ఎంజైము ఒక పోగును కత్తిరించి, మెలి విడిపోనిచ్చి, మళ్లీ అతికిస్తుంది. కాంప్టోథెసిన్ సరిగ్గా ఆ కత్తిరింపుకూ అతికింపుకూ మధ్య దూరి ఇరుక్కుంటుంది. తెగిన పోగు తెగినట్టే ఉండిపోతుంది. వెనకనుంచి దూసుకొచ్చిన నకలు యంత్రం దాన్ని గుద్దుకుంటుంది, కణం చస్తుంది. ఆగకుండా చీలుతూ పోయే క్యాన్సర్ కణానికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. అసలు రూపంలో ఇది మరీ విషపూరితం కనుక కొంచెం మార్చి టోపోటెకాన్, ఇరినోటెకాన్ అనే మందులు చేశారు. పెద్దపేగు, అండాశయ క్యాన్సర్ల చికిత్సలో వాటి పేర్లు వినిపిస్తాయి.

మరి ఆ చెట్టుకూ డీఎన్ఏ ఉంది, అదే ఎంజైమూ ఉంది. ఒళ్లంతా ఈ విషంతో అది ఎలా బతుకుతోంది? 2008లో జవాబు దొరికింది. ఆ చెట్టు ఎంజైములో వందల అమైనో ఆమ్లాల వరుసలో ఒక కీలకమైన చోట ఆస్పరజిన్‌కు బదులు సెరీన్ ఉంది. ఆ ఒక్క మార్పుతో మందు అక్కడ పట్టు దొరక్క జారిపోతుంది. ఇదే విషాన్ని చేసే మరో జాతి మొక్కలోనూ అదే చోట అదే మార్పు కనిపించింది. అంతకు ముందే, ఈ మందుకు లొంగని మనిషి క్యాన్సర్ కణాలను పరీక్షించినవాళ్లకు కూడా అచ్చంగా ఆ మార్పే కనిపించింది. చెట్టు ఎప్పుడో వేసిన ఎత్తును క్యాన్సర్ కణం తనంతట తానే మళ్లీ కనిపెట్టింది.

మన పశ్చిమ కనుమల్లోని నోథాపొడైటిస్ చెట్టులోనూ కాంప్టోథెసిన్ ఉంది. దాని కోసం అడవిలో ఆ చెట్లను నరికి పట్టుకుపోవడంతో ఇప్పుడు చాలాచోట్ల అవి పలచబడ్డాయి.

సీతాకోకచిలుకకు కవచం, మనిషికి చేటు

పాముకాటుకు విరుగుడని మన పల్లెల్లో పేరుపడ్డ ఈశ్వరి తీగ ఆరిస్టొలోకియా జాతిది. దాని ఆకు మీద నల్లటి రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. గొంగళి పురుగు ఆకుతో పాటు ఆరిస్టొలోకిక్ ఆమ్లాన్నీ తిని, ఒంట్లో దాచుకుని, రెక్కలొచ్చాక కూడా మోసుకు తిరుగుతుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట ఇంకోసారి దాని జోలికి రాదు. అక్కడితో కథ ఆగలేదు. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే కామన్ మార్మన్ జాతి ఆడ సీతాకోకచిలుకల్లో కొన్ని, ఒంట్లో ఆ విషం లేకుండానే, అదే రంగులు వేసుకుని తిరుగుతాయి. వేషం చూసి పిట్టలు వాటినీ వదిలేస్తాయి.

మనిషికి ఆ విద్య పట్టుబడలేదు. చైనా వైద్యంలో ఫాంగ్ జీ పేరుతో రెండు వేర్వేరు వేర్లు చలామణీ అయ్యేవి. ఒకటి స్టెఫానియా, రెండోది ఆరిస్టొలోకియా. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గేందుకు ఇచ్చిన మాత్రల్లో మొదటి దాని స్థానంలో రెండోది చేరింది. వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. కొన్నేళ్లకు వాళ్లలో పలువురికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. ఆ ఆమ్లం శరీరంలో మార్పు చెంది డీఎన్ఏకు అతుక్కుపోతుంది. ఈ జాతి మూలికల్లో కొన్నింటిని చైనా కూడా తర్వాత నిషేధించింది. ఈశ్వరి తీగలోనూ ఉన్నది ఆ ఆమ్లమే కాబట్టి, పాము కరిచినవాణ్ణి ఆసుపత్రికి కాకుండా ఆ వేరు దగ్గరికి తీసుకెళ్లడం రెండు విధాలా ప్రమాదం. తరతరాల వాడుక వెంటనే కనిపించే గుణాన్ని పట్టుకోగలదు. ఇరవై ఏళ్లకు బయటపడే హానిని పట్టుకోలేదు.

మనిషి కంట పడకుండా

యునాన్, సిచువాన్ ఎత్తుల్లో హెంగ్‌దువాన్ కొండలున్నాయి. చెట్లు ఆగిపోయిన ఎత్తుకు పైన, జారిపడిన రాళ్ల మధ్య ఫ్రిటిల్లారియా డెలవాయి అనే చిన్న మొక్క బతుకుతుంది. దాని దుంప దగ్గుకు మందు. కొన్నేళ్లు ఆకులతోనే గడిపి, ఐదో ఏటి నుంచి ఏడాదికొక్క పువ్వు పూస్తుంది. కిలో దుంపలు కావాలంటే 3,500కు పైగా మొక్కలు పెకలించాలి. ధర బాగా పలుకుతుంది కనుక పెకలిస్తూనే ఉన్నారు.

ఆ దుంపలో ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలున్నాయి. కొండ మీద దాన్ని మేసే జంతువేదీ పరిశోధకులకు కనిపించలేదు. అయినా కొన్ని చోట్ల ఈ మొక్క పచ్చగా ఉంటే, మరికొన్ని చోట్ల చుట్టూ ఉన్న రాళ్ల రంగులోకి, బూడిదగా, గోధుమగా మారిపోయింది. కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కారణం వెతికి 2020లో ప్రకటించారు. ఏ కొండ మీద తవ్వకం ఎక్కువ జరిగిందో స్థానికుల లెక్కల నుంచి తెలుసుకుని, మొక్కల రంగుతో పోల్చారు. తవ్వకం ఎక్కువైన కొద్దీ మొక్క రాయిలో కలిసిపోయింది. పచ్చగా మెరిసినవాటిని మనుషులు ముందుగా ఏరుకుపోయారు. కంట పడనివి బతికి, విత్తనం రాల్చాయి. ఫొటోల్లో మొక్కను వెతకమంటే, రాతి రంగు వాటిని పట్టుకోవడానికి జనానికి ఎక్కువ సేపు పట్టింది.

మేసే నోటికి పడకుండా మొక్క చేదును చేసుకుంది. ఆ చేదు కోసమే తవ్వుకోల పట్టుకుని మనిషి వచ్చాడు. చేదు పనికిరాని ఈ శత్రువు ముందు దానికి దాక్కోవడం ఒక్కటే దారి అయింది.

ఛింగ్‌హావ్ కథ వేరే దారిలో నడిచింది. పొలాల్లో పంటగా వేస్తున్నారు కనుక అడవి మీద భారం లేదు. అమెరికాలో జే కీస్లింగ్ బృందం ఆ మొక్క జన్యువులను ఈస్టులోకి మార్చి, తొట్టెల్లోనే ఆర్టిమిసినిక్ ఆమ్లం చేయించింది. దాన్ని మందుగా మార్చే ఆఖరి మెట్టుకు కర్మాగారంలో కూడా వెలుగునే వాడుకున్నారు. ధరలో మాత్రం రైతు పండించిన ఆకుతో ఈస్టు పోటీపడలేకపోయింది. పొలమైనా, తొట్టె అయినా, అడవి మొక్కను పీకకుండా దాని విద్యను వాడుకునే మార్గాలే అవి. ఏడాదికొక్క పువ్వు పూసే ఫ్రిటిల్లారియాకు అలాంటి మార్గం ఒకటి చూపించే బాధ్యత దాని దుంపతో దగ్గు తగ్గించుకున్న మనిషిదే.